పాలపుంత విసరిత ఎక్స్-కిరణ నేపథ్యం

పాలపుంత విసరిత ఎక్స్-కిరణ నేపథ్యం అనగా, ఆకాశంలో ఏ ఒక్క నక్షత్రానికీ చెందక అన్ని దిక్కులా పరచుకొని కనిపించే ఎక్స్-కిరణ కాంతిలో మన గెలాక్సీకి చెందిన భాగం. ఒక బిందువు నుండి కాక విశాలమైన ప్రదేశం నుండి వచ్చే కాంతిని విసరిత కాంతి అంటారు. లక్షల డిగ్రీల వేడి గల పలుచని వాయువు ఈ కాంతికి ముఖ్యమైన మూలం. ఇది కంటికి కనిపించదు. భూమి వాతావరణం ఎక్స్-కిరణాలను పీల్చివేస్తుంది కాబట్టి నేలపై ఉన్న దూరదర్శినులకు కూడా అందదు. బెలూన్లు, రాకెట్లు, ఉపగ్రహాల ద్వారా మాత్రమే దీనిని కొలవగలరు.

ఈ కాంతికి పటం గీయడంలో ప్రధానమైన చిక్కు దూరానికి సంబంధించినది. సౌరకుటుంబంలో పుట్టిన వెలుగు, సూర్యుని చుట్టూ ఉన్న వేడి వాయువు వెలుగు, పాలపుంతను ఆవరించిన వాయువు వెలుగు, సుదూర గెలాక్సీల వెలుగు అన్నీ ఒకదానిపై ఒకటి పడి ఒకే కాంతిగా పరికరానికి చేరుతాయి. 1960ల నుండి నేటి వరకు ఈ రంగంలో జరిగిన కృషిలో అధిక భాగం ఈ పొరలను విడదీయడమే. పాలపుంత చుట్టూ ఎంత వాయువు ఉన్నదన్న లెక్క కూడా ఈ విభజన సరిగా జరగడంపైనే ఆధారపడి ఉంది.

ఎక్స్-కిరణాల శక్తి, వాటి చొరవ

ఎక్స్-కిరణాల శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టులలో కొలుస్తారు. కంటికి కనిపించే కాంతి కణానికి సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు ఎక్స్-కిరణానికి దానికి నూరు రెట్లకు పైగా శక్తి ఉంటుంది. శక్తి తక్కువగా ఉన్న వాటిని మృదు ఎక్స్-కిరణాలనీ, ఎక్కువగా ఉన్న వాటిని కఠిన ఎక్స్-కిరణాలనీ వ్యవహరిస్తారు.

ఈ విభజన పటానికి చాలా ముఖ్యం. పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు కిరణాలు పాలపుంత తలంలో సగటున కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరం వెళ్లేసరికే నక్షత్రాల మధ్యనున్న వాయువులో శోషించబడతాయి. కనుక అవి ఎక్కువగా మన ఇరుగుపొరుగు సంగతులనే తెలుపుతాయి. ముప్పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు కిరణాలు మరింత దూరం నుండి రాగలవు. పదుల కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలకు పాలపుంత దాదాపు పారదర్శకం. అందువలన కఠిన ఎక్స్-కిరణ నేపథ్యంలో అధిక భాగం పాలపుంతకు ఆవల ఉన్న గెలాక్సీల కేంద్రాల నుండి, ముఖ్యంగా అక్కడి భారీ కృష్ణబిలాల పరిసరాల నుండి వస్తున్నది.

ఆవిష్కరణ

1962 జూన్ 18న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో వైట్ శాండ్స్ నుండి ఏరోబీ రాకెట్టును ప్రయోగించారు. సూర్యకాంతి పడినపుడు చంద్రుని ఉపరితలం నుండి ఎక్స్-కిరణాలు వస్తాయేమో చూడాలన్నది ఆ ప్రయోగపు ఉద్దేశం. రికార్డో జియాకోని, హెర్బర్ట్ గర్స్కీ, ఫ్రాంక్ పావొలీనీ, బ్రూనో రోసీలు ఈ ప్రయోగాన్ని రూపొందించారు. చంద్రుని జాడ దొరకలేదు గానీ వృశ్చిక రాశి దిక్కున ఒక ప్రకాశవంతమైన ఎక్స్-కిరణ జనకం కనిపించింది. దానితో పాటు అన్ని దిక్కుల నుండి వచ్చే ఒక సమమైన కాంతి కూడా నమోదైంది. సౌరకుటుంబానికి వెలుపలి ఎక్స్-కిరణ జనకాలతో పాటు ఎక్స్-కిరణ నేపథ్యం కూడా ఆ రాత్రే తెలిసింది. ఈ రంగంలో కృషికి జియాకోనికి 2002లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

1968లో పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు ప్రాంతంలోనూ నేపథ్యాన్ని గుర్తించారు. పాలపుంత తలంలో కూడా ఈ కాంతి పూర్తిగా మాయం కాలేదు. దూరపు గెలాక్సీల నుండే అది వస్తున్నట్లయితే తలంలోని దట్టమైన వాయువు దానిని అడ్డుకొని ఉండాలి. కనుక కొంత కాంతి సూర్యునికి సమీపంలోనే పుడుతున్నదని తేలింది.

హైదరాబాదు బెలూన్లు

భారతదేశంలో ఎక్స్-కిరణ ఖగోళశాస్త్రం హైదరాబాదు బెలూన్లతో ముడిపడి ఉంది. 1968 ఏప్రిల్ 28న టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన బి.వి. శ్రీకంఠన్ బృందం హైదరాబాదు నుండి ఎగురవేసిన బెలూను వృశ్చిక రాశిలోని పైన చెప్పిన జనకాన్నే కఠిన ఎక్స్-కిరణాలలో పరిశీలించింది. 1969లో ఆ సంస్థ హైదరాబాదులో బెలూన్ల తయారీకి, ప్రయోగానికి శాశ్వత కేంద్రాన్ని నెలకొల్పింది. ఈ బెలూన్లపై పంపిన పరికరాలతో విడివిడి జనకాలనే కాక విసరిత నేపథ్యపు వర్ణపటాన్ని కూడా కొలిచారు.

హైదరాబాదును ఎంచుకోవడంలో ఒక భౌతిక కారణం ఉంది. నేపథ్యాన్ని కొలిచే పరికరానికి పెద్ద శత్రువు విశ్వకిరణాలు. ఈ విద్యుదావేశ కణాలు పరికరాన్ని తాకి దొంగ లెక్కలు నమోదు చేయిస్తాయి. ఒక నక్షత్రాన్ని చూసేటప్పుడు పరికరాన్ని పక్కకు తిప్పి దొంగ లెక్కను కొలిచి తీసివేయవచ్చును. అన్ని దిక్కులా ఉన్న వెలుగును కొలిచేటప్పుడు పక్కకు తిప్పినా అదే వెలుగు ఉంటుంది. కనుక దొంగ లెక్క మొదటి నుండీ తక్కువగా ఉండడం అవసరం. హైదరాబాదు భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నది. ఇక్కడ అయస్కాంత క్షేత్రం దాదాపు నేలకు సమాంతరంగా ఉండి, సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ శక్తి గల ప్రోటాన్లను చాలా వరకు దారి మళ్లిస్తుంది. ధ్రువాల వైపున్న దేశాలకు ఈ రక్షణ లేదు.

ఈ చోటుకు ఒక ఇబ్బంది కూడా ఉంది. ఉష్ణమండలంలో సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున గాలి సున్నాకు దిగువ 80 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటుంది. ఆ చలికి మామూలు పాలిథిన్ పెళుసెక్కి చిట్లిపోతుంది. అందువలన అంత చలిని తట్టుకొనే పలుచని పొరను ప్రత్యేకంగా రూపొందించవలసి వచ్చింది.

బెలూన్లు సుమారు 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతాయి. అంత ఎత్తున కూడా మిగిలి ఉన్న గాలి సుమారు 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ శక్తి గల కిరణాలను అడ్డగిస్తుంది. కాబట్టి బెలూన్లు కఠిన నేపథ్యాన్ని కొలవగలవే గాని పాలపుంత వేడి వాయువు నుండి వచ్చే మృదు కాంతిని చూడలేవు. దానికి రాకెట్లు, ఉపగ్రహాలే శరణ్యం.

పరిశీలన ముగిసిన తరువాత పరికరాలు పెద్ద రంగు పారాచూట్ల సాయంతో నేలకు దిగుతాయి. గాలివాటాన్ని బట్టి అవి హైదరాబాదు నుండి 200 నుండి 350 కిలోమీటర్ల వరకు పోయి పొలాలలో పడవచ్చును. అందుచేత ప్రయోగాల కాలంలో సంస్థ పత్రికా ప్రకటనలు ఇస్తుంది. గాంధారి, ఎల్లారెడ్డి మండలాలున్న కామారెడ్డి జిల్లా పేరు కూడా ఈ ప్రకటనలలో ఉంటుంది. దొరికిన పెట్టెలను విప్పరాదనీ, కదపరాదనీ, దగ్గరలోని పోలీసు స్టేషనుకు గాని పోస్టాఫీసుకు గాని తెలియజేయాలనీ వాటి సారాంశం. కొన్ని పరికరాలలో అధిక వోల్టేజి ఉండడం ఒక కారణం కాగా, విప్పితే విలువైన శాస్త్ర సమాచారం నష్టమవుతుందన్నది మరొక కారణం. సమాచారం అందించిన వారికి బహుమానం కూడా ఇస్తారు.

పటం గీసే పద్ధతి

నక్షత్ర పట్టికలో ప్రతి చుక్కనూ లెక్కించాలి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో హైదరాబాదులోని నిజామియా వేధశాల అంతర్జాతీయ ఫొటోగ్రాఫిక్ నక్షత్ర పట్టికలో తన వంతుగా లక్షల నక్షత్రాల స్థానాలను ఈ విధంగానే నమోదు చేసింది. విసరిత నేపథ్యపు పటంలో పని ఇందుకు తలకిందులు. చుక్కలన్నీ తొలగించిన తరువాత మిగిలినదే పటం. ముఖ్యమైన దశలు ఇవి:

1. పరికరంలో విశ్వకిరణాల వలన, సొంత చప్పుడు వలన పుట్టే లెక్కలను తీసివేయడం.
2. నక్షత్రాలు, గెలాక్సీలు, సూపర్నోవా అవశేషాల వంటి విడి జనకాలను కప్పివేయడం.
3. గంటలు, రోజులలో హెచ్చుతగ్గులయ్యే వెలుగును గుర్తించి తొలగించడం. నక్షత్రాంతర వాయువు అంత త్వరగా మారదు కాబట్టి ఇట్టి మార్పు దగ్గరి మూలానికి గుర్తు.
4. హైడ్రోజన్ పటాలతో పోల్చి మధ్యలో ఎంత కాంతి శోషించబడిందో లెక్కగట్టడం.
5. మిగిలిన కాంతిని వర్ణపటంగా విడదీసి వాయువు ఉష్ణోగ్రతను అంచనా వేయడం.

చివరి దశలో ఆక్సిజన్ రేఖలు ఎంతో ఉపయోగపడతాయి. ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ సుమారు 0.57 కిలో ఎలక్ట్రాన్ వోల్టు వద్ద కాంతినిస్తుంది. ఈ రేఖ బలంగా కనిపిస్తే వాయువు పది, ఇరవై లక్షల డిగ్రీల వేడిలో ఉన్నదని గ్రహించవచ్చును.

తొలి పటాలు

1970లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ మెకామన్, విల్టన్ శాండర్స్ ప్రభృతులు పది రాకెట్ ప్రయోగాలతో ఆకాశమంతటినీ మృదు ఎక్స్-కిరణాలలో చిత్రించి 1983లో ప్రచురించారు. ఒక్కొక్క రాకెట్టుకు వాతావరణానికి పైన దొరికే వ్యవధి కొద్ది నిమిషాలే. ఈ పటంలో సుమారు 7 డిగ్రీల కంటే చిన్న వివరాలు తెలియవు. అంటే పక్కపక్కనే పదమూడు, పధ్నాలుగు పూర్ణచంద్రులు పట్టే వెడల్పు ఒకే చుక్కగా కనిపిస్తుంది. అయినా పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు కాంతి ఎక్కువగా ఉన్న చోట హైడ్రోజన్ తక్కువగా ఉన్నట్లు స్పష్టంగా కనిపించింది.

దీనిని వివరించడానికి స్థానిక వేడి బుడగ అనే భావన వచ్చింది. సూర్యుని చుట్టూ కొన్ని వందల కాంతి సంవత్సరాల మేర చల్లని వాయువు లేని గుహ వంటి ప్రదేశం ఉందనీ, అందులో పది లక్షల డిగ్రీల వేడి వాయువు నిండి ఉందనీ ఈ భావన. ఆ వాయువు ఎంత పలుచన అంటే ఒక లీటరు పరిమాణంలో నాలుగైదు ఎలక్ట్రాన్లు మాత్రమే ఉంటాయి. పూర్వం పేలిన సూపర్నోవాలు ఈ గుహను తొలిచాయని భావిస్తారు.

1990 జూన్ 1న ప్రయోగించిన జర్మనీ, అమెరికా, బ్రిటన్‌ల ఉపగ్రహం రోశాట్ ఆరు నెలలలో ఆకాశమంతటినీ పరిశీలించింది. స్టీవెన్ స్నోడెన్ బృందం ఆ సమాచారం నుండి పావు, ముప్పావు, ఒకటిన్నర కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పటాలను తయారు చేసి 1995, 1997లలో ప్రచురించింది. ఈ పటాలు నేటికీ పరిశోధకులకు ప్రాథమిక ఆధారాలు.

నీడల సాక్ష్యం

విసరిత కాంతి ఎంత దూరం నుండి వస్తున్నదో నేరుగా కొలవడం సాధ్యం కాదు. దీనికి నీడలు తోడ్పడ్డాయి. దూరం తెలిసిన ఒక దట్టమైన మేఘాన్ని తీసుకొని, అది నేపథ్యంలో మచ్చగా కనిపిస్తుందో లేదో చూస్తారు. మచ్చ కనిపిస్తే కొంత కాంతి మేఘానికి ఆవలి నుండి వస్తున్నట్లు, మచ్చలో మిగిలిన కాంతి మేఘానికి ఈవల పుడుతున్నట్లు అర్థం.

1991లో రెండు బృందాలు రోశాట్ సహాయంతో డ్రాకో రాశిలోని మేఘానికి ఇటువంటి నీడను కనుగొన్నాయి. ఆ దిక్కున పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు కాంతిలో సుమారు సగం మేఘానికి ఆవలి నుండి వస్తున్నదని తేలింది. వేడి వాయువు సూర్యుని చుట్టూ మాత్రమే లేదనీ, పాలపుంత తలానికి ఎంతో ఎత్తున కూడా ఉందనీ రుజువయింది. చంద్రుని చుట్టూ వరదగుడి కట్టినట్లు గెలాక్సీని ఆవరించిన ఈ వాయువును పరివేషం అంటారు.

1990 జూన్‌లో రోశాట్ చంద్రుని కూడా చిత్రించింది. సూర్యకాంతి పడిన భాగం మెరిసింది. చీకటి భాగం వెనుకనున్న నేపథ్యాన్ని కప్పి నల్లగా కనిపించింది. అయితే పూర్తిగా నల్లగా లేదు. చంద్రునికి ఆవలి కాంతి చంద్రుని గుండా రాలేదు కాబట్టి ఆ కొద్దిపాటి వెలుగు భూమికి, చంద్రునికి మధ్యనే పుట్టి ఉండాలి. దీనికి సమాధానం కొన్నేళ్ల తరువాత ఒక తోకచుక్క వలన దొరికింది.

సౌరపవనం పాత్ర

1996లో హయకుటాకే తోకచుక్క నుండి ఎక్స్-కిరణాలు వస్తున్నట్లు రోశాట్ గుర్తించింది. మంచుతో కూడిన చల్లని తోకచుక్క ఎక్స్-కిరణాలను వెలువరించడం శాస్త్రజ్ఞులకు ఆశ్చర్యం కలిగించింది. 1997లో థామస్ క్రేవెన్స్ దీనికి వివరణ ఇచ్చాడు. సూర్యుని నుండి వీచే సౌరపవనంలో ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్, కార్బన్ అయాన్లు ఉంటాయి. అవి తోకచుక్క వాయువును తాకినపుడు దాని నుండి ఎలక్ట్రాన్లను లాగుకుంటాయి. ఆ ఎలక్ట్రాన్లు కింది స్థాయిలకు దిగేటప్పుడు ఎక్స్-కిరణాలు వెలువడతాయి. దీనిని ఆవేశ వినిమయం అంటారు.

తోకచుక్కలో జరిగేది భూమి చుట్టూ ఉన్న పలుచని హైడ్రోజన్‌లోనూ, నక్షత్రాల మధ్య నుండి సౌరకుటుంబంలోకి వచ్చే హైడ్రోజన్, హీలియంలలోనూ జరుగుతుంది. చంద్రుని చీకటి భాగంపై కనిపించిన వెలుగు భూమి పరిసరాలలోని ఆవేశ వినిమయమేనని 2001లో చంద్రా ఉపగ్రహం చేసిన పరిశీలనలు సూచించాయి. దీనితో ఒక గట్టి ప్రశ్న తలెత్తింది. స్థానిక వేడి బుడగదిగా చెప్పుకున్న కాంతి నిజంగా ఎంత? సౌరకుటుంబంలో పుట్టినది ఎంత? కాంతి అంతా సౌరపవనం వల్లనే అయితే వేడి బుడగ అన్న భావనే అవసరం లేకుండా పోతుంది.

దీనిని తేల్చడానికి 2012 డిసెంబరులో వైట్ శాండ్స్ నుండి డీఎక్స్ఎల్ అనే రాకెట్టును ప్రయోగించారు. డిసెంబరు నెలను ఎంచుకోవడానికి కారణం ఉంది. సౌరకుటుంబంలోకి వీచే హీలియంను సూర్యుని ఆకర్షణ ఒక శంఖువు ఆకారంలో ఒకచోట చేరుస్తుంది. భూమి ఏటా డిసెంబరు తొలి భాగంలో దాని గుండా పోతుంది. హీలియం ఎక్కువగా ఉన్న చోట కాంతి ఎంత పెరిగిందో కొలిచి, సౌరపవనపు వాటాను లెక్కించవచ్చును. మాసిమిలియానో గలేయాజీ బృందం 2014లో ఫలితాన్ని ప్రకటించింది. పాలపుంత తలంలో పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు కాంతిలో సుమారు 40 శాతం సౌరకుటుంబంలో పుడుతున్నది. మిగిలినది వేడి బుడగదే. బుడగ ఉన్నది, కానీ దాని వెలుగు అనుకున్న దానికంటే తక్కువ.

పరివేషం, గెలాక్సీ తలం

2018 మే నెలలో ప్రయోగించిన హేలోశాట్ అనే చిన్న ఉపగ్రహం పరివేషాన్ని పరిశీలించింది. అందులోని వేడి వాయువు ఇరవై లక్షల డిగ్రీలకు పైబడి ఉన్నదనీ, అది సమంగా కాక గడ్డలు గడ్డలుగా ఉండి తలానికి దగ్గరగా ఎక్కువగా ఉన్నదనీ ఫిలిప్ కారెట్ బృందం 2020లో తెలిపింది.

గెలాక్సీ తలం వెంట కఠినమైన కాంతి ఒక గట్టులా కనిపిస్తుంది. ఇది కోట్ల డిగ్రీల వాయువు నుండి వస్తున్నదని చాలాకాలం భావించారు. అంత వేడి వాయువును గెలాక్సీ ఆకర్షణ పట్టి ఉంచలేదు. 2009లో మిహాయిల్ రెవ్నివ్‌త్సెవ్ బృందం చంద్రా ఉపగ్రహంతో ఒక చిన్న ప్రదేశాన్ని దీర్ఘకాలం పరిశీలించి, అక్కడి కాంతిలో 80 శాతానికి పైగా మసక నక్షత్రాలదేనని చూపింది. విసరితంగా తోచినదంతా విసరితం కాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈరోసిటా పటం

2019 జూలై 13న బైకనూర్ నుండి ప్రయోగించిన రష్యా, జర్మనీల ఉపగ్రహంలో ఈరోసిటా అనే జర్మనీ దూరదర్శిని ఉంది. ఇది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండడం వలన భూమిని చుట్టిన హైడ్రోజన్ వెలుగు దీనికి అడ్డు రాలేదు. రోశాట్ పరిశీలన సౌర క్రియాశీలత హెచ్చుగా ఉన్న కాలంలో జరిగింది. ఈరోసిటా తొలి పరిశీలన 2019 డిసెంబరు నుండి 2020 జూన్ వరకు, సూర్యుడు ప్రశాంతంగా ఉన్న కాలంలో జరిగింది. కాబట్టి సౌరపవనపు కలుషితం ఈ పటంలో తక్కువ.

2020లో పీటర్ ప్రెడెల్ బృందం ఈ పటంలో గెలాక్సీ కేంద్రానికి పైన, కింద రెండు పెద్ద బుడగలను గుర్తించింది. ఒక్కొక్కటి సుమారు 45,000 కాంతి సంవత్సరాల ఎత్తు వరకు వ్యాపించి ఉంది. 2010లో గామా కిరణాలలో కనుగొన్న ఫెర్మీ బుడగలు వీటి లోపల ఉన్నాయి. ఈ బుడగలను సృష్టించడానికి సుమారు లక్ష సూపర్నోవాల శక్తి కావాలి. 2022 ఫిబ్రవరిలో ఈరోసిటా పరిశీలనలను నిలిపివేశారు. జర్మనీ వాటాకు చెందిన తొలి పరిశీలన సమాచారం 2024 జనవరి 31న అందరికీ అందుబాటులోకి వచ్చింది.

2024లో మైకేల్ యూంగ్ బృందం ఈ సమాచారంతో స్థానిక వేడి బుడగకు కొత్త పటం గీసింది. తలానికి దూరంగా ఉత్తర దిశలో సుమారు 12 లక్షల డిగ్రీలు, దక్షిణ దిశలో సుమారు 14 లక్షల డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్నట్లు తేలింది. సెంటారస్ రాశి దిక్కున వేడి వాయువు ఒక సొరంగంలా సాగిపోతున్నట్లు కూడా కనిపించింది.

శ్రీహరికోట నుండి

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న పీఎస్ఎల్వీ-సీ30 రాకెట్టు ఆస్ట్రోశాట్‌ను కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఇందులోని మృదు ఎక్స్-కిరణ దూరదర్శినిని టాటా మౌలిక పరిశోధనా సంస్థ నిర్మించింది. ఇది 0.3 నుండి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య పనిచేస్తుంది. ఆస్ట్రోశాట్ విడి జనకాల అధ్యయనానికి ఉద్దేశించినది, ఆకాశమంతటికీ పటం గీసేది కాదు. అయినా మసకగా ఉన్న ఏ వస్తువును చూసినా దానితో పాటు నేపథ్యం కూడా వస్తుంది. అందుచేత ప్రకాశవంతమైన జనకాలు లేని ఖాళీ ఆకాశాన్ని దీర్ఘకాలం చూసి తయారు చేసిన నేపథ్య వర్ణపటాన్ని పరిశోధకులకు అందజేశారు. ఈ విధంగా ఒకరు పటంగా గీసేది మరొకరికి తీసివేయవలసిన లెక్క అవుతుంది.

కాంతి మూలాలు, దూరాలు

దగ్గర నుండి దూరానికి నేపథ్యపు పొరలు ఈ క్రమంలో ఉన్నాయి:

* భూమి చుట్టూ ఉన్న హైడ్రోజన్: సౌరపవనంతో ఆవేశ వినిమయం. గంటలు, రోజులలో మారుతుంది.
* సౌరకుటుంబంలోని హైడ్రోజన్, హీలియం: అదే ప్రక్రియ. సౌరచక్రంతో పాటు మారుతుంది.
* స్థానిక వేడి బుడగ: కొన్ని వందల కాంతి సంవత్సరాల మేర, పది లక్షల డిగ్రీలకు పైన.
* పాలపుంత పరివేషం: వేల కాంతి సంవత్సరాల దూరాన, ఇరవై లక్షల డిగ్రీలకు పైన.
* గెలాక్సీ తలపు గట్టు: ఎక్కువగా మసక నక్షత్రాల సమూహం.
* గెలాక్సీ కేంద్రపు బుడగలు: పదుల వేల కాంతి సంవత్సరాల పరిమాణం.
* పాలపుంతకు ఆవలి కాంతి: భారీ కృష్ణబిలాలు గల సుదూర గెలాక్సీలు.

వివాదాస్పద అంశాలు

ఆకాశపు ఉత్తర భాగంలో ఉత్తర ధ్రువ శాఖ అనే ప్రకాశవంతమైన వంపు కనిపిస్తుంది. అది కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్ర సమూహం వలన ఏర్పడినదని కొందరు, గెలాక్సీ కేంద్రపు బుడగలో భాగమని మరికొందరు వాదిస్తున్నారు. ఒకే వెలుగుకు రెండు దూరాలు చెప్పినపుడు దాని పరిమాణం, శక్తి కూడా ఎన్నో రెట్లు మారిపోతాయి.

పరివేషపు ద్రవ్యరాశి రెండవ అంశం. నక్షత్రాలు, చల్లని వాయువు కలిపి లెక్కించినా పాలపుంతలో ఉండవలసినంత మామూలు పదార్థం కనిపించదు. లోటులో కొంత భాగం వేడి పరివేషంలో ఉండవచ్చునని భావిస్తారు. ముందున్న పొరలను తక్కువగా తీసివేస్తే పరివేషం బరువెక్కుతుంది, ఎక్కువగా తీసివేస్తే తేలికపడుతుంది. సౌరపవనపు వాటాను సరిగా కొలవడం ఈ కారణంగా గెలాక్సీ పదార్థపు లెక్కకు కూడా అవసరమైనది.

ఇవి కూడా చూడండి

* పాలపుంత
* ఎక్స్-కిరణాలు
* సౌరపవనం
* ఆస్ట్రోశాట్
* నిజామియా వేధశాల
* టాటా మౌలిక పరిశోధనా సంస్థ